శరత్కాలపు పెళ్ళి: సొగసూ, సౌఖ్యమూ

(కార్తీక వనభోజనాల నాడు మన సంఘ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



శరత్కాలంలో పెళ్ళి సొగసుగానూ సౌకర్యంగానూ జరిపించడం ఎట్లాగో నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శి గారు మమ్మల్ని కోరినారు. మేము పండితులము కాము, పురోహితులమూ కాము. పదవ తరగతితో చదువు ముగించి రైల్వేలో కాగితాలు రాసుకుంటున్న వాళ్ళము. అయితే ఇద్దరు చెల్లెళ్ళకు పెళ్ళి చేసినాము. రెండూ కార్తీకంలోనే చేసినాము. మొదటిది చెడగొట్టి నేర్చుకున్నాము; నేర్చుకున్నది రెండవదానిలో పెట్టినాము. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెతలో రెండవ సగం మాత్రమే మాకు తెలుసు. అదే మీకు విన్నవించుకుంటాము.

ఈ హుబ్బళ్ళిలో స్థిరపడిన మనలో గుంతకల్లు వైపువారు ఉన్నారు, నంద్యాల వైపువారు ఉన్నారు. మాది చింతామణి తాలూకా. మా అవ్వగారి ఊరు బాగేపల్లి దగ్గర ఒక పల్లె. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం నుంచి చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వచ్చినవి. అక్కడ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పెళ్ళి పందిట్లో మాత్రం రెండు భాషలూ పక్కపక్కనే కూర్చుంటాయి. మేము ఎక్కడ ఉద్యోగం చేస్తున్నా పెళ్ళి అనేసరికి ఆ ఊళ్ళకే పోతాము. కాబట్టి అక్కడి మాటే చెబుతాము. మీ మీ ఊళ్ళకు తగినట్టు మార్చుకోండి.

ముందు మేము చెడగొట్టిన పెళ్ళి సంగతి.

2021 కార్తీకంలో మా పెద్ద చెల్లెలి పెళ్ళి. పట్నం పెళ్ళిళ్ళకు పోయి వచ్చిన కన్నుతో మేము అన్నీ నిర్ణయించినాము. జాతీయ రహదారి పక్కన ఒక పెద్ద మండపం, దాని ముందు పచ్చిక మైదానం, మైదానంలో ఎత్తైన వేదిక, ఎక్కడి నుంచో తెప్పించిన పూలు. మా వైపు ముహూర్తానికి ముందునాటి సాయంత్రమే రిసెప్షన్ జరుగుతుంది. అది ఆకాశం కింద, దీపాల నడుమ జరగాలని మా కోరిక. ఆ నవంబరులో కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో కురిసిన వానలు మీలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చును. చెరువులు మరవ పారినవి. కోతకు వచ్చిన రాగి చేలు నేలకు ఒరిగినవి. పైరు పోయిన దుఃఖంలో ఉన్న బంధువులు కూడా మా మీద ప్రేమతో తడుస్తూ వచ్చినారు. మేమేమో ఆరు వందల కుర్చీలు ఆరుబయట వేయించి ఉంటిమి.

రాత్రి ఏడు గంటలకు వాన దిగింది. లోపల సగం మందికి కూడా చోటు లేదు. ముసలివాళ్ళు వసారాలో నిలబడినారు. భోజనం పళ్ళెం చేతపట్టుకొని నిలబడి తినేది. ఒక చేత కర్ర ఉన్నవారు పళ్ళెం ఎట్లా పట్టుకుంటారో మేము ఆలోచించలేదు.

మా అవ్వకు అప్పటికి ఎనభై దాటినవి. రాత్రంతా తడి చీరతో కుర్చీలో కూర్చున్నది. మరునాడు ముహూర్తానికి అక్షింతలు చేతికిచ్చినారు. వేదికకు ఎనిమిది మెట్లు. మెట్ల మీద ఫోటోలవాళ్ళు, వీడియోలవాళ్ళు. "అవ్వా, కొంచెం ఆగు" అని ఒకరు, "పక్కకు జరుగు" అని ఒకరు. మాంగల్యధారణ అయిపోయింది. ఆమె ఎక్కనే లేదు. అప్పుడు మేము ఎక్కడ ఉన్నాము? వేదిక మీద, ఫోటోలో నిలబడి ఉన్నాము.

రెండు నెలల తరువాత ఊరికి పోయినప్పుడు అవ్వ తన పెట్టె తెరిచి ఆ పెళ్ళినాటి చీర తీసింది. కొంగు ముడి విప్పింది. అందులో పసుపు బియ్యం. "నేను వెయ్యలేకపోతిని నాయనా, నువ్వు పోయినప్పుడు దాని నెత్తిన వెయ్యి" అని మా చేతిలో పోసింది. 2023లో అవ్వ కాలం చేసింది.

ఆ పెళ్ళికి పదకొండు లక్షలు దాటింది. అందులో ఐదు లక్షలు అప్పు. ఐదేళ్ళ వాయిదాలు, నెల నెలా జీతంలో కోత. ఇంకా ఒక సంవత్సరం కోత మిగిలి ఉన్నది. ఇంత ఖర్చూ ఎవరి సౌఖ్యానికి అని మా ఇల్లాలు ఒకనాడు అడిగితే మాకు జవాబు దొరకలేదు.

2024లో చిన్న చెల్లెలికి సంబంధం కుదిరింది. అది ముందే చెప్పేసింది: "అన్నా, పాత అప్పు తీరకుండా కొత్త అప్పు వద్దు. నా పెళ్ళిలో పందిరి ఫోటో కోసం వద్దు. అవ్వలాంటివాళ్ళు కూర్చునేదానికి కావాల." మేమూ మా ఇల్లాలూ ఒక నోటుపుస్తకం తీసుకొని కూర్చున్నాము. ప్రతి ఖర్చుకూ రెండు ప్రశ్నలు వేసుకున్నాము. ఇది వచ్చినవారిలో అందరికంటే పెద్దవారికి పనికి వస్తుందా? దీనికి అప్పు చేయవలసి వస్తుందా? ఈ రెండు ప్రశ్నలతోనే పెళ్ళి అంతా తేలిపోయింది. ఒక్కొక్కటే చెబుతాము.

మొదటిది ముహూర్తం. శరదృతువు అంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలు. దసరా దాటినాక కొన్ని లగ్నాలు ఉంటాయి. కార్తీక శుద్ధంలో క్షీరాబ్ది ద్వాదశి నాడు తులసి కల్యాణం అయిన తరువాత పెళ్ళిళ్ళు జోరందుకుంటాయి. మౌఢ్యాలూ అవీ సిద్ధాంతిగారిని అడగవలసినదే. మన వంతు ఏమిటంటే, ఆయన రెండు మూడు లగ్నాలు చెప్పినప్పుడు వానకూ పండుగ రద్దీకీ కొంచెం ఎడంగా ఉన్నదాన్ని ఎన్నుకోవడం. మా వైపు వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో మెండు. నవంబరులో తుఫానులు పట్టినా పట్టవచ్చును. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది. పరాభవ సంవత్సరంలో అధిక జ్యేష్ఠం ఉన్నందువల్ల 2026లో దీపావళి నవంబరు 8కి జరుగుతుంది. అంటే కార్తీకమంతా వెనక్కు పోతుంది. వచ్చే శరత్తులో పెళ్ళి తలపెట్టినవారు ఈ సంగతి గుర్తుంచుకొని మండపం మాట్లాడుకోండి. తెల్లవారుజాము లగ్నమూ, తొమ్మిది పది గంటల లగ్నమూ రెండూ మంచివే అని సిద్ధాంతిగారు చెబితే రెండవదానికి ఒప్పుకోండి. ముసలివాళ్ళకూ పసివాళ్ళకూ ఒక నిద్ర మిగులుతుంది.

రెండవది ప్రయాణం. ఇది మా శాఖ కాబట్టి కొంచెం ధైర్యంగా చెబుతాము. దసరా, దీపావళి రోజుల్లో బండ్లు కిటకిటలాడుతాయి. ముందు 120 రోజులకు రిజర్వేషన్ తెరిచేవారు. 2024 నవంబరు 1 నుంచి ఆ గడువు 60 రోజులు అయింది. ప్రయాణపు దినం ఆ 60లో చేరదు. కౌంటరులో ఒక ఫారానికి ఆరుగురి పేర్లే రాయవచ్చును. కాబట్టి లగ్నం నిశ్చయమైన రోజే కాలండరులో వెనక్కు లెక్కపెట్టి ఆ దినానికి ఎర్ర గుర్తు పెట్టండి. పేర్లు, వయస్సులు ముందే రాసి ఉంచండి. అరవై దాటినవారికి కింది బెర్తు కావాలని ఫారంలో మరువకుండా సూచించండి. మేము నలభై రెండు మందికి ఏడు ఫారాలు నింపినాము.

ఇక్కడి నుంచి రాత్రి బండికి బెంగుళూరు చేరితే, అక్కడి నుంచి చిక్కబళ్ళాపురం మీదుగా చింతామణికి రైలు మార్గం ఉన్నది. మా తాతల కాలంలో అది చిన్న పట్టాల దారి. చిక్కబళ్ళాపురం నుంచి చింతామణి మీదుగా కోలారు వరకు పెద్ద పట్టాలు పడి బండ్లు తిరిగింది 2013లో. బాగేపల్లికి మాత్రం రైలు లేదు. బెంగుళూరు, హైదరాబాదుల నడిమి రహదారి మీద బెంగుళూరికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నది కాబట్టి బస్సే గతి. లగ్నపత్రికలో బంధువుల పేర్లు రెండు వరుసలు తగ్గినా ఫరవాలేదు గాని, ఏ స్టేషనులో దిగాలి, అక్కడి నుంచి ఎట్లా రావాలి అన్నది తప్పక వేయండి. ఆ పత్రిక కన్నడంలోనూ తెలుగులోనూ అచ్చు వేయించినాము. మా చిన్నవాడు తెలుగు వైపు కూడబలుక్కొని చదువుతూ తన పేరు కనబడగానే ఎగిరినాడు. అదీ ఒక లాభమే.

మూడవది చోటు. ఈసారి చింతామణిలో ఒక పాత ఛత్రం తీసుకున్నాము. గోడలకు పెద్ద సొగసు లేదు. అయితే పందిరీ, భోజనశాలా, గదులూ అన్నీ ఒకే మట్టంలో ఉన్నవి. మరుగుదొడ్డి నలభై అడుగుల దూరంలో ఉన్నది. మండపం చూడడానికి ఎండ కాసే ఉదయం పోకండి. వాన కురిసే సాయంత్రం పోయి చూడండి. నీళ్ళు ఎటు పారుతున్నవి, కప్పు ఎక్కడ కారుతున్నది, కరెంటు పోతే జనరేటరు ఎంతసేపటికి లేస్తుంది అన్నది అప్పుడు తెలుస్తుంది. దేవాలయంలో చేయదలచినవారికి బాగేపల్లి దగ్గర గడిదం వేంకటరమణస్వామి సన్నిధి ఉన్నది, చింతామణి తాలూకాలో కైవారం ఉన్నది. అక్కడి నియమాలు ముందుగా అడిగి తెలుసుకోవాలి.

నాలుగవది వానా, చలీ. నంది కొండ చుట్టుపక్కల నేల సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. కార్తీకంలో రాత్రులు వణికిస్తాయి. కోస్తా నుంచి వచ్చిన వియ్యాలవారు ఒక్క దుప్పటి కూడా తెచ్చుకోరు. మేము యాభై దుప్పట్లు బాడుగకు తెచ్చినాము. తెల్లవారి నాలుగింటి నుంచి కాగులో వేడినీళ్ళు కాగుతూ ఉండే ఏర్పాటు చేసినాము. చప్పరం మీద తడవని పట్టా కప్పించినాము. వాకిట ఇరవై గొడుగులు పెట్టి, వాటికి ఇద్దరు కుర్రవాళ్ళను నియమించినాము. పెళ్ళి నాటి సాయంత్రం జల్లు పడనే పడింది. గొడుగు పట్టి ఒక్కొక్క పెద్దమ్మను లోపలికి తెస్తున్న ఆ కుర్రవాళ్ళను చూసి మగపెళ్ళివారు, "ఏం మర్యాద అండీ మీ ఊరిది" అన్నారు. ఆ మర్యాద ఖర్చు ఇరవై గొడుగుల వెల.

అయిదవది అలంకారం. ఇంతవరకు సౌఖ్యమే చెప్పినారు, సొగసు ఏదీ అని అడుగుతారేమో. శరత్కాలంలో మా తాలూకాల్లో సొగసు చేలల్లోనే ఉంటుంది. చిక్కబళ్ళాపురం పూలకు పేరు. చామంతి, బంతి, గులాబి గంపలకు గంపలు దిగుతాయి. పండుగ రోజుల్లో, మంచి లగ్నాల రోజుల్లో ధర కొండెక్కుతుంది. అందువల్ల నెల ముందే ఒక రైతుతో మాట్లాడుకొని తెల్లవారుజామున కోయించి తెప్పించినాము. అరటి బోదెలు, మామిడి తోరణం, కొబ్బరి మట్టల అల్లిక, పసుపు చామంతి దండలు. కార్తీకం కాబట్టి సాయంత్రం వాకిలి పొడుగునా మట్టి ప్రమిదలు. ఇంతే. పట్టు సంగతీ అంతే. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత మాకు కూతవేటు దూరం. బాగేపల్లి మీదుగా పారే చిత్రావతి పుట్టపర్తి దాటి ధర్మవరం సీమకు పోతుంది. అక్కడి మగ్గం మీద నేసిన ఒక్క చీర చెల్లెలికి కొన్నాము. ముహూర్తానికి ఒకటి, రిసెప్షనుకు ఒకటి, ఫోటోకు ఒకటి అని మూడు కొనలేదు. ఆ ఒక్కటి ఇప్పటికీ ప్రతి పండుగకూ కడుతున్నది.

ఆరవది భోజనం. పంక్తి భోజనమే పెట్టినాము. అరిటాకు, బెంచీ, కుర్చీ. మొదటి పంక్తి పెద్దలకు, పిల్లల తల్లులకు. కోసంబరి, చిత్రాన్నం, పప్పు, సారు, ఒబ్బట్టు, నెయ్యి, పాయసం, మజ్జిగ. ముందునాటి రాత్రి మాత్రం మా ఊరి భోజనం: రాగి ముద్ద, పితికిపప్పు పులుసు. అనపకాయ ముదిరేది నవంబరు చివర, డిసెంబరులో. కాబట్టి కార్తీకం చివరి లగ్నాలకే ఈ భాగ్యం. పప్పు పితకడానికి వీధి ఆడవాళ్ళంతా కూర్చున్నారు. పట్నం నుంచి వచ్చిన పిల్లలు కూడా కూర్చొని వేళ్ళు నల్లచేసుకున్నారు. ఇంకొక మాట. కార్తీక సోమవారాల్లో చాలామంది ఉపవాసం ఉంటారు, కొందరు నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. వారికి వేరే ఫలహారం ఏర్పాటు చేయాలి. మాంసం పెట్టే వియ్యంకుల విందు, కన్నడంలో బీగరూట అంటారు, అది ఉన్న ఇండ్లవారు కార్తీకం దాటినాక పెట్టుకుంటే నోములవారికి ఇబ్బంది ఉండదు.

ఏడవది మేళం. డీజే పెట్టలేదు. ఎందుకంటే పక్కవారితో మాట్లాడుకోవడానికే కదా బంధువులు వచ్చేది. నాదస్వరం పెట్టినాము. ముందునాటి సాయంత్రం కైవారం నారేయణ యోగి కీర్తనలు పాడే భజనవారిని పిలిచినాము. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన మహానుభావుడు కాబట్టి ఇరువైపులవారికీ అవి సొంతమే.

ఎనిమిదవది కట్న కానుకలు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. ఇంకా చాటున ఇచ్చి పుచ్చుకుంటున్న సంగతి అందరికీ తెలుసు. మేము అడిగినవారికి ఇవ్వమని ముందే చెప్పినాము. ఈ వియ్యాలవారు అడగలేదు. చదివింపులు, మా వైపు ముయ్యి అంటారు, అవి మాత్రం పుస్తకంలో రాసుకున్నాము. అది ఊరి మధ్య అప్పు లేని సాయం. రేపు వారి ఇంటి శుభకార్యానికి మనం తిరిగి పెట్టేది. పెళ్ళి అయినాక రిజిస్ట్రేషన్ చేయించడం మరవకండి. బదిలీ ఊళ్ళలో నానా కాగితాలకు అది కావాలి.

అంతా నల్లేరు మీద బండిలా నడిచిందని అనుకోకండి. ఈ పుస్తకం చూపించినప్పుడు మొదట వియ్యంకులవారు నొచ్చుకున్నారు. "మాకూ నలుగురిలో పరువు ఉంది కదా" అన్నారు. మేము పెద్ద చెల్లెలి పెళ్ళి లెక్కలూ, మా జీతపు చీటీలో కోత కాలమూ వారి ముందు పెట్టినాము. అవ్వ కొంగు సంగతీ చెప్పినాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మ కూడా కర్ర పట్టుకొనే నడుస్తుంది" అన్నారు. ఊరేగింపుకు కారు మీద పూలు మాత్రం దండిగా ఉండాలని కోరినారు. దానికి మేము సంతోషంగా ఒప్పుకున్నాము. మా బంధువుల్లోనూ కొందరు "గుమాస్తా పెళ్ళి" అని నవ్వినారు. రెండవ పంక్తిలో కాఫీ చాలలేదు. అది మా లెక్క తప్పు. మొత్తానికి మూడు లక్షల అరవై వేలతో తేలింది, కొత్త అప్పు లేకుండా.

2020లో జబ్బు కాలాన పెళ్ళికి 50 మందికి మించరాదని ప్రభుత్వం కట్టడి చేసినప్పుడు కూడా పెళ్ళిళ్ళు ఆగలేదు కదా. అయిన పెళ్ళిళ్ళేమీ తక్కువ పెళ్ళిళ్ళు కాలేదు. దూరాన ఉన్న మనం అందరినీ చూసేది పెళ్ళిలోనే కాబట్టి 50 మందితో చేయమని మేము అనము. వందల మందిని పిలవండి. వచ్చిన ప్రతివారూ కూర్చునేటట్టు, తినేటట్టు, పడుకునేటట్టు పిలవండి.

చివరిగా ఆ రోజు ముహూర్తం మాట. వేదిక ఒక్క అడుగు ఎత్తే వేయించినాము. ముందు వరుసలో ముప్పై కుర్చీలు కర్రల వారికి, మోకాళ్ళ నొప్పుల వారికి. ఫోటోలాయనను ఒక పక్కకు నిలబెట్టినాము. ఆయన మంచివాడు, అక్కడి నుంచే అన్నీ తీసినాడు. మాంగల్యధారణ కాగానే అక్కడి నుంచే పెద్దలు అక్షింతలు వేసినారు. అప్పటికీ చేతులు అందనివారు కొందరున్నారు. చెల్లెలు, మరిది ఇద్దరూ కొంగుముడితోనే లేచి వేదిక దిగి, ఒక్కొక్క కుర్చీ దగ్గరకూ పోయి తల వంచినారు. మా అవ్వ లేదు. ఆమె తోటి ఈడువారు ఎనిమిదిమంది ఉన్నారు. వారిలో ఎవరి కొంగులోనూ ఆనాడు అక్షింతలు ముడిగా మిగిలి ఇంటికి పోలేదు.

వచ్చే శరత్తులో ఎవరి ఇంట పెళ్ళి నిశ్చయమైనా మా నోటుపుస్తకం మీదే అనుకోండి. టికెట్టు ఫారాలు నింపేదానికి మేమూ, పప్పు పితికేదానికి మా ఇల్లాలూ వస్తాము.